కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్‌కి పదేపదే బ్లూ స్క్రీన్ వస్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినే మాట ఇది: "అన్నా, కొత్త సిస్టమ్. పది రోజులు కూడా కాలా. బ్లూ స్క్రీన్ వస్తా ఉంది." పిల్లల చదువుకో, వీడియో ఎడిటింగ్ పనికో రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న సిస్టమ్ రోజుకు నాలుగుసార్లు పడిపోతుంటే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. అందరికీ విడివిడిగా చెప్పే సంగతులన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. కారణం రుజువు కాకుండా ఏ పార్టూ కొనొద్దు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేసింది తేదీతో సహా నోట్‌బుక్కులో రాసుకోండి.

బ్లూ స్క్రీన్ వచ్చిందంటే సిస్టమ్ చెడిపోయినట్టేనా?

కాదు. విండోస్ లోపలి భాగంలో, అంటే కెర్నల్‌లో, సరిచేసుకోలేని తప్పు ఒకటి కనబడింది. అలాగే ముందుకు పోతే ఫైళ్ళు పాడవుతాయని విండోస్ తనంతట తానే ఆగిపోయింది. ఆగేముందు అప్పుడేం జరిగిందో ఒక చిన్న ఫైలులో రాసి పెడుతుంది. కాబట్టి దాన్ని చూసి భయపడే పని లేదు, అది మనకు దొరికిన సాక్ష్యం.

విండోస్ 11లో 2025లో వచ్చిన మార్పుతో ఈ స్క్రీన్ నీలం పోయి నల్లగా వస్తోంది. విచారపు ముఖం బొమ్మ, క్యూఆర్ కోడ్ కూడా తీసేశారు. అందుకని "మాది బ్లూ స్క్రీన్ కాదు, బ్లాక్ స్క్రీన్" అని కంగారు పడకండి. తెల్ల అక్షరాల్లో స్టాప్ కోడ్, అంటే ఏ తప్పు వల్ల ఆగిందో చెప్పే పేరు, కనబడితే రెండూ ఒకటే.

మాకు ఏ స్క్రీనూ రావడం లేదు. ఆడతా ఉంటే టక్కున ఆరిపోతా ఉంది. ఇదీ అదేనా?

ఇది వేరు. ఈ తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. స్టాప్ కోడ్ వచ్చిందంటే తప్పు విండోస్ కంట పడింది. ఏమీ రాకుండా లైటు ఆర్పినట్టు ఆరిపోయిందంటే విండోస్‌కు చూసే సమయమే దొరకలేదు. అలాంటప్పుడు ముందు ఎస్ఎంపిఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే డబ్బా), దాని కేబుళ్ళు, యూపీఎస్, ప్రాసెసర్ కూలర్ చూడాలి.

సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఒక ఎంట్రీ కనబడుతుంది. పేరులో పవర్ అని ఉంది కదా అని కొత్త ఎస్ఎంపిఎస్ కొనుక్కొచ్చిన వాళ్ళను చూశాను. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని మాత్రమే దాని అర్థం. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే వరుస ఉంటుంది. అక్కడ 0 ఉంటే చాలావరకు కరెంటు పోవడమో, సిస్టమ్ బిగుసుకుపోవడమో జరిగి ఉంటుంది. వేరే సంఖ్య ఉంటే స్టాప్ కోడ్ వచ్చినట్టే, మీరు చూడలేదంతే.

స్క్రీన్ వచ్చి చదివేలోపే పోతోంది. ఎలా పట్టుకోవాలి?

అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్ళి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అవ్వమనే చోట టిక్కు తీసేయండి. ఇక స్క్రీన్ నిలబడిపోతుంది, తీరిగ్గా ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చు. స్టాప్ కోడ్‌తో పాటు కింద ఏదైనా ఫైల్ పేరు కనబడితే అదీ పడేట్టు చూడండి.

క్రాష్ అప్పుడు విండోస్ రాసిన ఫైళ్ళు (వీటినే డంప్ ఫైళ్ళు అంటారు) సి డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్ లోపలి మినిడంప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని చదవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళ విన్‌డీబగ్ ఉంది. అది కష్టమనిపిస్తే బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం చాలు. అయితే అందులో కనబడే డ్రైవర్ (ఒక్కో పార్టును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాం) పేరే దొంగ అనుకోకండి. ర్యామ్ పాడైతే ఆ సమయానికి ఏ డ్రైవర్ పనిలో ఉంటే దాని పేరు పడుతుంది. ఐదు క్రాష్‌లలో ఐదుసార్లూ ఒకే డ్రైవర్ పేరు వస్తే దాన్ని అనుమానించాలి. ఐదుసార్లు ఐదు పేర్లు వస్తే హార్డ్‌వేర్ వైపు తిరగాలి. నేను ముందుగా చూసేది ఇదే.

సెర్చ్‌లో రిలయబిలిటీ అని కొడితే వచ్చే పేజీ కూడా చూడండి. ఏ తేదీన ఏం ఇన్‌స్టాల్ అయింది, ఏ తేదీ నుంచి క్రాష్‌లు మొదలయ్యాయి అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఏ కోడ్ వస్తే దేన్ని అనుమానించాలి?

మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అని వస్తే ముందు ర్యామ్ చూడండి. డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే హార్డ్‌వేరే తప్పు జరిగిందని చెప్పుకుంది. ప్రాసెసర్, దానికి అందే వోల్టేజి, ఓవర్‌క్లాక్ (మామూలు వేగం కంటే ఎక్కువలో నడపడం), ఒక్కోసారి ఎస్ఎస్‌డీ కూడా కారణం కావచ్చు. వీడియో టీడీఆర్ అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పిలిస్తే పలకలేదని అర్థం. క్రిటికల్ ప్రాసెస్ డైడ్ అంటే విండోస్‌కు ప్రాణమైన ప్రోగ్రాం ఒకటి ఆగిపోయింది. ఎస్ఎస్‌డీ మధ్యలో మాయమైనా ఇది వస్తుంది. ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అంటే డ్రైవర్ కావచ్చు, ర్యామ్ కావచ్చు, ఒక్క కోడ్‌ను బట్టి తేల్చలేం.

ఈవెంట్ వ్యూయర్‌లో ఇవే కోడ్లు మామూలు దశాంశ సంఖ్యలుగా ఉంటాయి. అక్కడ 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్, 292 అంటే డబ్ల్యూహెచ్ఈఏ, 278 అంటే వీడియో టీడీఆర్, 239 అంటే క్రిటికల్ ప్రాసెస్ డైడ్.

అన్ని పార్టులూ కొత్తవే కదా, దేంతో మొదలుపెట్టాలి?

ర్యామ్‌తో. కొత్త సిస్టమ్ అయితే నేను ఇంకో ఆలోచన లేకుండా అక్కడే మొదలుపెడతాను.

డబ్బా మీద 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్ కొన్నారనుకుందాం. అది తనంతట తాను 6000లో నడవదు. మామూలుగా 4800లోనో 5600లోనో నడుస్తుంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్ గానీ, ఏఎండీ బోర్డుల్లో ఎక్స్‌పో గానీ ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది. అది ఒక రకంగా ఓవర్‌క్లాకే. ర్యామ్, మదర్‌బోర్డు, ప్రాసెసర్ మూడూ బాగున్నా, ఆ మూడింటికీ కలిపి ఆ వేగం పడకపోవచ్చు. కాబట్టి మొదటి పని, బయోస్‌లో ఆ ప్రొఫైల్ ఆఫ్ చేసి రెండు మూడు రోజులు వాడి చూడడం. దీనికి రూపాయి ఖర్చు లేదు. క్రాష్‌లు ఆగిపోయాయా, దారి దొరికినట్టే. అప్పుడు బయోస్ కొత్త వెర్షన్ వేసి ప్రొఫైల్ మళ్ళీ పెట్టి చూడండి. ఇంకా పడిపోతుంటే 6000 బదులు 5600 పెట్టుకోండి. రోజువారీ పనిలో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు. తగ్గించడం ఇష్టం లేకపోతే, మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో ఆ బోర్డుకు పరీక్షించిన ర్యామ్‌ల జాబితా ఉంటుంది, అందులో ఉన్న ర్యామ్‌కు మార్పించుకోండి.

రెండోది స్లాట్లు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులు (ర్యామ్ పలకలు) వేస్తుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

మూడోది నాలుగు స్టిక్కుల సంగతి. డీడీఆర్5లో నాలుగూ నింపితే వేగం బాగా తగ్గించాలి. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లకు కంపెనీ లెక్క ప్రకారం రెండు స్టిక్కులైతే 5200, నాలుగైతే 3600 మాత్రమే. ముందు రెండు కొని, తర్వాత ఇంకో రెండు తెచ్చి కలిపి, అన్నిటినీ 6000లో నడిపించాలని చూస్తే క్రాష్ కాక ఏమవుతుంది? 32 జీబీ కావాలంటే నాలుగు ఎనిమిదులు వద్దు, ఒకే డబ్బాలో వచ్చే రెండు పదహార్లు తీసుకోండి.

ర్యామ్ సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది?

కావలి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తెచ్చిన సిస్టమ్ గురించి చెప్తాను. అసెంబుల్ చేసిన షాపువాళ్ళు మొదట విండోస్ మళ్ళీ వేశారు. తర్వాత ఎస్ఎంపిఎస్ మార్పించారు. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డ్ పోయిందేమో అన్నారు. వాళ్ళ నాన్న కొత్త కార్డుకి డబ్బు సర్దడానికి సిద్ధమయ్యాడు. నేను క్యాబినెట్ తలుపు తీసి, టార్చి పట్టి, ర్యామ్ స్లాట్‌ను పక్కనుంచి చూశాను. ఆ బోర్డుకు పైవైపు ఒక్కటే లాక్ ఉంది. ఆ వైపు స్టిక్ బిగిసింది. లాక్ లేని కిందివైపు మాత్రం బంగారు రంగు గీత సన్నగా, దారం మందాన, పైకి కనబడతా ఉంది. రెండు బొటనవేళ్ళతో ఆ చివర నొక్కాను. టక్ అని వినబడింది. ఆ తర్వాత రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టినా ఒక్క ఎర్రర్ రాలేదు. ఆ కుర్రాడు రెండు నెలలు చదువు పక్కనబెట్టి తిరిగింది ఆ దారమంత ఖాళీ కోసం. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, స్టిక్కులు తీసి మళ్ళీ పెట్టండి. ముట్టుకునే ముందు ఇనుప కిటికీ లాంటిదేదైనా తాకితే ఒంట్లో స్టాటిక్ పోతుంది. రబ్బరుతో పిన్నులు రుద్దే అలవాటు మన షాపుల్లో ఉంది. కొత్త ర్యామ్‌కు దాని అవసరం లేదు, గట్టిగా రుద్దితే పైపూత అరుగుతుంది.

మెమరీ టెస్ట్ ఏది పెట్టాలి, ఎంతసేపు?

విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ పాస్ అయిందని ఊరుకోవద్దు, దాని కంట పడని తప్పులు చాలా ఉంటాయి. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి, నాలుగు పాస్‌లూ (నాలుగు విడతల పరీక్ష) పూర్తిగా నడవనివ్వండి. 32 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున చూస్తే ఒక్కటంటే ఒక్క ఎర్రర్ ఉన్నా ఫెయిలే. "ఒక్కటేగా" అని సర్దుకోవద్దు. ఎర్రర్ వస్తే ప్రొఫైల్ ఆఫ్ చేసి మళ్ళీ పెట్టండి. అప్పుడూ వస్తే ఒక్కో స్టిక్‌ను ఒకే స్లాట్‌లో మార్చి మార్చి పెట్టి పరీక్షించండి. ఒక స్టిక్‌కే వస్తే ఆ స్టిక్ పోయింది. రెంటికీ వస్తే స్లాట్‌నో, మదర్‌బోర్డునో, ప్రాసెసర్‌నో అనుమానించాలి.

మాది చెన్నైలో కొని బస్సులో తెచ్చాం. అక్కడ బాగానే ఆడింది, ఇక్కడికి రాగానే మొదలైంది.

ఇది మన జిల్లాల్లో మామూలే. చెన్నైలో కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో అసెంబుల్ చేయించి అదే రోజు తెచ్చుకునేవాళ్ళు ఎక్కువ. బరువైన గ్రాఫిక్స్ కార్డ్ క్యాబినెట్‌లోనే ఉండి అంత దూరం కుదుపులు తింటే స్లాట్‌లోంచి కొద్దిగా లేస్తుంది. బరువైన కూలర్ అయితే బిగింపు సడలుతుంది. ఇంటికి రాగానే ఆన్ చేయకుండా తలుపు తీసి కార్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ స్క్రూ, కూలర్, 24 పిన్ కేబుల్, ప్రాసెసర్‌కు వెళ్ళే 8 పిన్ కేబుల్, అన్నీ ఒకసారి నొక్కి చూడండి. ఈసారి తెచ్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ తీయించి దాని డబ్బాలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకోండి.

ఇంటెల్ 13, 14 తరం ప్రాసెసర్లతో సమస్య ఉందంటున్నారు. నిజమేనా?

నిజమే, ఇంటెలే ఒప్పుకుంది. ఆ రెండు తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి, ముఖ్యంగా ఐ7, ఐ9 రకాల్లో, అవసరానికి మించి వోల్టేజి అంది లోపల అరుగుదల వచ్చేది. ఆటలు మూతపడడం, ఫైల్ అన్‌జిప్ చేస్తుంటే ఎర్రర్లు, బ్లూ స్క్రీన్లు దాని లక్షణాలు. 2024 ఆగస్టులో 129, సెప్టెంబరులో 12బి అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి సూచనల దిద్దుబాట్లు) బయోస్ అప్‌డేట్ల ద్వారా ఇచ్చారు. డబ్బాతో అమ్మిన ఈ ప్రాసెసర్లకు వారంటీ మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు. మీది ఆ తరందైతే బయోస్ అప్‌డేట్ ఈ రోజే చేయండి. కాకపోతే ఆ అప్‌డేట్ ఇకముందు అరగకుండా ఆపుతుందే గానీ అరిగినదాన్ని బాగుచేయదు. అప్‌డేట్ తర్వాత కూడా పడిపోతుంటే వారంటీలో మార్పించుకోవడం ఒక్కటే దారి. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా వస్తోందని ఈ రకం కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

బయోస్ అప్‌డేట్ అంటే భయం. మధ్యలో కరెంటు పోతే?

ఆ భయం న్యాయమైనదే. గాలీవానా ఉన్న రోజు, కరెంటు వస్తా పోతా ఉన్న రోజు చేయొద్దు. యూపీఎస్ మీద, ఫైల్ మీ బోర్డు మోడల్‌దేనా అని రెండుసార్లు చూసుకుని చేయండి. చాలా బోర్డులకు వెనకాల బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, మధ్యలో ఆగిపోయినా దాంతో మళ్ళీ ఎక్కించవచ్చు.

ఇంకోటి మర్చిపోవద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త విండోస్ 11 సిస్టమ్‌లలో డ్రైవ్ తనంతట తానే బిట్‌లాకర్ అనే విండోస్ తాళంతో లాక్ అయి ఉండవచ్చు. బయోస్ మారాక బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకోండి.

అప్‌డేట్ అయ్యాక, లేదా ర్యామ్ మార్చాక, మొదటిసారి ఆన్ చేస్తే డీడీఆర్5 బోర్డులు కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోతాయి. మెమరీని సరిచూసుకుంటూ ఉంటాయి. బోర్డు చచ్చిపోయిందని స్విచ్ ఆపేయకండి.

మా ఊళ్ళో వోల్టేజి సరిగ్గా ఉండదు. దానివల్ల బ్లూ స్క్రీన్ వస్తుందా?

మంచి ఎస్ఎంపిఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. కాబట్టి రొయ్యల గుంటల ఏరేటర్లు అన్నీ ఒకేసారి తిరిగే వేళ లైట్లు మసకబారినా, సిస్టమ్‌కు నేరుగా బ్లూ స్క్రీన్ రాకూడదు. పేరు లేని చౌకరకం ఎస్ఎంపిఎస్ అయితే మాత్రం చెప్పలేం. సిస్టమ్ మొత్తం మీద ఎక్కడ తగ్గించినా అక్కడ తగ్గించొద్దని నేను మొదటినుంచీ చెప్తున్నాను.

యూపీఎస్ లెక్క కూడా చూసుకోండి. 600 వీఏ అని రాసి ఉన్నా చాలా మోడళ్ళు ఇచ్చేది 360 వాట్ల దగ్గరే. పెద్ద గ్రాఫిక్స్ కార్డ్‌తో ఆట ఆడుతుండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ మోయలేక ఆపేస్తుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్ లేదని అనుకోవాలి. అద్దె ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా మూడో వైరు ఎక్కడికీ పోకుండా ఉండడం నేను చాలాచోట్ల చూశాను. ఎర్తింగ్ గుంట ఉంటే ఎండాకాలంలో నీళ్ళు పోస్తున్నారో లేదో కనుక్కోండి. ఈ పని మాత్రం సొంతంగా చేయొద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కంప్యూటర్ కంటే ముందు అది మనిషికి ప్రమాదం.

రోహిణి కార్తె ఎండలకు క్రాష్ అవుతుందా?

మే నెల చివర నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అయినా ఈ కాలపు ప్రాసెసర్లు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి. రైజెన్ 7000 రకాలు 95 డిగ్రీల దాకా వెళ్ళేట్టే చేశారు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో వేడి చూడండి. ఏ పనీ లేకుండానే 80 దాటుతోందంటే కూలర్ తీసి చూడాలి. అడుగున ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేసిన సిస్టమ్‌లు నా దగ్గరికే వచ్చాయి.

విండోస్ మళ్ళీ వేస్తే పోదా?

డ్రైవర్ గొడవైతే పోవచ్చు. హార్డ్‌వేర్ గొడవైతే మళ్ళీ వస్తుంది. పైగా ర్యామ్ తప్పుతో ఉండగా విండోస్ వేస్తే ఆ ఫైళ్ళే తప్పుగా రాసుకుంటాయి. అందుకే మెమరీ టెస్ట్ పాస్ అయ్యాకే ఫార్మాట్. ఈలోగా ముఖ్యమైన ఫొటోలు, ఫైళ్ళు వేరే డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి.

వేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తీసుకున్న అసలు విండోసే వేయండి. ఎవరో ఏవేవో తీసేసి తయారుచేసిన విండోస్ మీద ఏ పరీక్ష చేసినా ఫలితాన్ని నమ్మలేం. చిప్‌సెట్, ల్యాన్, వైఫై డ్రైవర్లు మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. అన్ని డ్రైవర్లూ మేమే అప్‌డేట్ చేస్తాం అనే ప్రోగ్రాంల జోలికి పోవద్దు. వీడియో టీడీఆర్ వస్తుంటే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పాత గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేయండి. ఒక్క డ్రైవర్ తప్పు ఎంత పని చేస్తుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళ తప్పు అప్‌డేట్ ఒకటి వచ్చి, దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలం స్క్రీన్‌తో ఆగిపోయాయి. వాటిలో హార్డ్‌వేర్‌కు ఏమీ కాలేదు.

డంప్ ఫైల్ ఒక్కటి కూడా లేదు. ఏం చేయాలి?

సి డ్రైవ్‌లో పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డ్రైవ్‌లో వాడుకునే ఫైల్) ఆఫ్ చేసి ఉందేమో చూడండి, డంప్ రాయడానికి అది కావాలి. అది సరిగ్గా ఉండి కూడా డంప్ రాకపోతే ఎస్ఎస్‌డీ వైపు చూడాలి, రాయాల్సిన చోటే మాయమైతే ఎక్కడ రాస్తుంది? క్రాష్ అయ్యాక రీస్టార్ట్‌లో బయోస్‌లో ఎస్ఎస్‌డీ పేరు లేకుండా, స్విచ్ ఆపి ఆన్ చేస్తే మళ్ళీ కనబడుతుంటే అనుమానం బలపడినట్టే. దాన్ని తీసి మళ్ళీ బిగించండి, కంపెనీ టూల్‌తో దాని ఫర్మ్‌వేర్ (ఎస్ఎస్‌డీ లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ చేయండి, వీలైతే రెండో స్లాట్‌లో పెట్టి చూడండి.

షాపువాళ్ళు "మా దగ్గర బాగానే ఉంది" అని తిప్పి పంపుతున్నారు.

మాటలతో కాకుండా సాక్ష్యంతో వెళ్ళండి. మెమ్‌టెస్ట్ ఎర్ర గీతల ఫొటో, స్టాప్ కోడ్ ఫొటోలు, మీ నోట్‌బుక్కు, సీరియల్ నంబర్లున్న బిల్లు తీసుకెళ్తే మర్యాదగానే వింటారు. చాలామంది షాపువాళ్ళు మంచివాళ్ళే, అరగంట ఆన్‌లో పెడితే వాళ్ళ ముందు అది క్రాష్ కాదు, అంతే. ర్యామ్‌లకు, ప్రాసెసర్లకు కంపెనీ వారంటీ నేరుగా కూడా తీసుకోవచ్చు. అప్పటికీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఎన్ని రోజులు క్రాష్ కాకపోతే బాగైనట్టు?

ముందు ఎంత తరచుగా వచ్చేదో దాన్నిబట్టి ఉంటుంది. రోజూ వచ్చేదైతే వారం చూడండి. వారానికోసారి వచ్చేదైతే నెల రోజులు ఆగాల్సిందే. ఆ రోజుల్లో కొత్త ప్రోగ్రాంలు వేయొద్దు, సెట్టింగులు మార్చొద్దు. ఎప్పుడు వచ్చేదో అదే పని చేయించండి, ఆట అయితే ఆట, ఎడిటింగ్ అయితే ఎడిటింగ్. అన్ని రోజులూ నోట్‌బుక్కులో ఖాళీగా గడిచాకే క్యాబినెట్ తలుపు స్క్రూలు బిగించండి.